పిల్లికూనల్లో చెవినల్లి : గుర్తింపు, చికిత్స, తెలుగు పేర్ల సమస్య

వ్యాససంగ్రహం:

పిల్లికూనల చెవుల్లో చేరి తీవ్రమైన దురదను, నల్లని గుబిలిని కలిగించే అతిచిన్న జీవి శాస్త్రీయనామం ఓటోడెక్టెస్ సైనోటిస్. పెంపుడుజంతువుల వైద్యశాలల్లో దీనిని ‘ఇయర్ మైట్’ అంటారు. దీనికి తెలుగులో స్థిరపడిన పేరు లేదు. పురుగు, పేను, పిడుదు, గజ్జి అనే మాటల్లో ఏదో ఒకదానితో ఇళ్లలో దీనిని వ్యవహరిస్తున్నారు. ఆ మాటలు వాటివాటి మందులను కూడా వెంట తెస్తాయి. ఆ మందుల్లో కొన్ని పిల్లికూనకు ప్రాణాంతకాలు. ఈ జీవి స్వరూపాన్ని, జీవితచక్రాన్ని, గుర్తించే పద్ధతిని, చికిత్సాక్రమాన్ని వివరించి, సరైన పేరు లేకపోవడం చికిత్సను ఎలా దారితప్పిస్తుందో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పిల్లికూన, చెవినల్లి, గుబిలి, జీవితచక్రం, పెర్మెత్రిన్, ఐవర్‌మెక్టిన్, పారిభాషికపదం.

1. ఉపోద్ఘాతం:

తెలుగునాట పిల్లి చాలాకాలం పాటు ఇంటిచుట్టూ తిరిగే జంతువే గాని, ఇంట్లో వైద్యం చేయించుకునే జంతువు కాదు. ఆవుకు, గేదెకు, మేకకు జబ్బు చేస్తే పశువైద్యుడిని పిలిచేవారు. పిల్లికి జబ్బు చేస్తే అది ఎక్కడో మూలకు చేరి తనంతట తాను కోలుకునేది, లేదా కనిపించకుండా పోయేది. అందువల్ల పశువుల వ్యాధులకు తెలుగులో గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు, పొదుగువాపు వంటి చక్కని పేర్లు ఏర్పడ్డాయి. పిల్లుల వ్యాధులకు అలాంటి పదసంపద ఏర్పడలేదు.

నగరాల్లో, పట్టణాల్లో పిల్లుల పెంపకం పెరిగిన తరువాత ఈ లోటు బయటపడింది. వీధిలో దొరికిన పిల్లికూనను పిల్లలు ఇంటికి తెస్తారు. నాలుగురోజుల్లో అది చెవి గోక్కోవడం, తల విదిలించడం మొదలుపెడుతుంది. చెవిలో నల్లగా ఏదో కనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు మందుల దుకాణానికి వెళ్లి “చెవిలో పురుగులు పడ్డాయి” అనో, “పేలు పట్టాయి” అనో, “గజ్జి” అనో చెబుతారు. దుకాణంలోని వ్యక్తి ఆ మాటకు తగిన మందు ఇస్తాడు. ఇక్కడ తప్పు మందులో లేదు, దుకాణంలోనూ లేదు, మాటలో ఉంది.

ఈ కారణంగా ఈ సమస్యను వైద్యవిషయంగానూ, భాషావిషయంగానూ కలిపి చూడవలసి ఉంది. ఈ వ్యాసంలో ఆ జీవిని ‘చెవినల్లి’ అని వ్యవహరించడం జరిగింది. ఆ పేరును ఎంచుకోవడానికి గల కారణాలు ఏడవ భాగంలో ఉన్నాయి.

2. చెవినల్లి స్వరూపం, జీవితచక్రం:

చెవినల్లి కీటకం కాదు. సాలెపురుగు, తేలు, పిడుదు చేరిన అరాక్నిడా తరగతికి చెందిన జీవి. ఎదిగిన చెవినల్లికి ఎనిమిది కాళ్లుంటాయి. పొడవు సుమారు 0.3 నుంచి 0.4 మి.మీ. చూపు చక్కగా ఉన్నవారికి నల్లని గుడ్డ మీద కదిలే తెల్లని చుక్కలా లీలగా కనిపిస్తుంది. దీనిని 1838లో హెరింగ్ వర్ణించారు. ఓటోడెక్టెస్ అనే గ్రీకుమూలపదానికి చెవిని కొరికేది అని అర్థం. సైనోటిస్ అంటే కుక్కచెవికి సంబంధించినది. నిజానికి దీనివల్ల ఎక్కువగా బాధపడేవి పిల్లులు, ముఖ్యంగా పిల్లికూనలు. శాస్త్రీయనామం కూడా ఒక్కోసారి చూపును పక్కకు తిప్పగలదని దీనివల్ల తెలుస్తుంది.

మనుషుల్లో గజ్జిని కలిగించే జీవి చర్మంలోకి సొరంగంలా తొలుచుకుపోతుంది. చెవినల్లి అలా తొలవదు. చెవిగొట్టం లోపలి చర్మం ఉపరితలం మీదనే తిరుగుతూ, రాలిన చర్మకణాలను, చర్మపు ఊటను తిని బతుకుతుంది. దాని కదలిక, లాలాజలం, విసర్జితాలు చర్మాన్ని రేపుతాయి. చెవిలోని గ్రంథులు మామూలుకంటే ఎక్కువగా గుబిలిని స్రవిస్తాయి. గుబిలి, ఎండిన రక్తం, రాలిన చర్మం, నల్లుల విసర్జితాలు కలిసి కాఫీపొడి వంటి నల్లని పదార్థంగా పేరుకుంటాయి.

చికిత్సను అర్థం చేసుకోవడానికి దీని జీవితచక్రం తెలియడం అవసరం. తల్లినల్లి పెట్టిన గుడ్డు సుమారు 4 రోజుల్లో పగులుతుంది. అందులోంచి ఆరుకాళ్ల డింభకం వస్తుంది. అది కొన్ని రోజులు తిని, కుబుసం విడిచి, ఎనిమిది కాళ్ల మొదటి శాబకదశకు చేరుతుంది. మరోసారి కుబుసం విడిచి రెండవ శాబకదశకు, ఇంకోసారి విడిచి ప్రౌఢదశకు చేరుతుంది. గుడ్డు నుంచి ప్రౌఢదశ వరకు సుమారు 3 వారాలు పడుతుంది. ఎదిగిన నల్లి సుమారు 2 నెలలు బతుకుతుంది. ఈ దశలన్నీ ఒకే జంతువు మీద గడుస్తాయి.

ఇందులో గుర్తుంచుకోవలసిన అంకె 21 రోజులు. ఏ రోజున చూసినా చెవిలో గుడ్లు, డింభకాలు, శాబకాలు, ప్రౌఢజీవులు అన్నీ కలిసి ఉంటాయి. ప్రౌఢజీవులను మాత్రమే చంపే మందును వారంరోజులు వాడి ఆపేస్తే, గుడ్ల నుంచి మరో తరం పుట్టుకొస్తుంది. “మందు వేశాం, తగ్గింది, మళ్లీ వచ్చింది” అనే సాధారణ ఫిర్యాదుకు చాలాసార్లు ఇదే కారణం. మళ్లీ వచ్చిందనుకున్నది అసలు పూర్తిగా పోలేదు.

వ్యాప్తి ప్రధానంగా ఒంటికి ఒళ్లు తగలడం ద్వారా జరుగుతుంది. తల్లిపిల్లి పాలిచ్చేటప్పుడు, నాకేటప్పుడు కూనలకు సోకుతుంది. ఎదిగిన పిల్లుల్లో కొన్నింటికి పెద్దగా దురద ఉండదు, కాని వాటి చెవుల్లో నల్లులు ఉంటాయి. అలాంటి తల్లి ఆరోగ్యంగా కనిపిస్తూనే ఈతలోని కూనలన్నింటికీ వాటిని అందిస్తుంది. పిల్లి నుంచి కుక్కకు, కుక్క నుంచి పిల్లికి కూడా ఇది సోకుతుంది. కుందేళ్ల చెవుల్లో పొరలుపొరలుగా పొలుసు కట్టించేది మాత్రం వేరే జాతి నల్లి.

3. గుర్తించే విధానం:

3.1 ఇంట్లో కనిపించే లక్షణాలు:

పిల్లికూన తరచుగా తల విదిలిస్తుంది. వెనుకకాలితో చెవిమూలను గోక్కుంటుంది. చెవి తాకితే వెనుకకాలు తనంతట తానే గోకే కదలికను చేస్తుంది. చెవి వెనుక, మెడ మీద, కణత దగ్గర వెంట్రుకలు రాలి గీరుళ్లు కనిపిస్తాయి. సాధారణంగా రెండు చెవుల్లోనూ నల్లని, పొడిపొడిగా రాలే గుబిలి ఉంటుంది. గోకుడు ఎక్కువైతే చెవిదొప్పలోని సన్నని రక్తనాళం చిట్లి, దొప్ప రక్తంతో బూరెలా ఉబ్బుతుంది. ఆ దశలో వైద్యుడి చేయి పడకపోతే చెవి ముడుచుకుపోయి శాశ్వతంగా ఆకారం మారుతుంది.

దురద తీవ్రతకు, నల్లుల సంఖ్యకు నేరుగా సంబంధం లేదు. కొన్ని కూనల శరీరం ఈ జీవికి అతిగా ప్రతిస్పందిస్తుంది. వాటికి కొద్దిపాటి నల్లులే విపరీతమైన బాధను కలిగిస్తాయి. చెవి నిండా నల్లులున్నా నిమ్మళంగా ఉండే పిల్లులూ ఉన్నాయి. అందువల్ల గోక్కోవడం లేదు కాబట్టి నల్లి లేదని నిర్ణయించకూడదు.

3.2 నిర్ధారణ:

నల్లని గుబిలి ఒక సూచన మాత్రమే, రుజువు కాదు. ఇంట్లో చేయగలిగిన చిన్న పరీక్ష ఒకటి ఉంది. చెవిదొప్ప లోపల బయటికి కనిపించే గుబిలిని దూదితో మెల్లగా తీసి, నల్లని కాగితం మీద రాల్చి, దీపపు వెలుగులో భూతద్దంతో కాసేపు చూడాలి. తెల్లని చుక్కలు కదిలితే అనుమానం బలపడుతుంది. కదలకపోయినంత మాత్రాన నల్లి లేదని అర్థం కాదు.

పశువైద్యుడు చెవిలోకి చూసే దీపపు పరికరంతో చెవిగొట్టాన్ని పరిశీలిస్తాడు. వెలుగు, వేడి తగలగానే నల్లులు కదలడం కొన్నిసార్లు నేరుగా కనిపిస్తుంది. గుబిలిని గాజుపలక మీద ఒక చుక్క లిక్విడ్ పారఫిన్‌లో కలిపి సూక్ష్మదర్శిని కింద తక్కువ పెద్దరికంలో చూస్తే జీవులు, వాటి గుడ్లు స్పష్టంగా తెలుస్తాయి. ఒక్క గుడ్డు కనిపించినా నిర్ధారణ అయినట్లే. పరీక్షలో వైద్యుడు చూసే మరో ముఖ్యాంశం కర్ణభేరి చిల్లుపడకుండా ఉందా లేదా అన్నది. చెవిలో ఏ ద్రవం వేయవచ్చు, ఏది వేయకూడదు అనే నిర్ణయం దీనిపై ఆధారపడుతుంది.

3.3 చెవినల్లిలా కనిపించే ఇతర సమస్యలు:

చెవినల్లి అనుకుని పొరబడే స్థితులు ముఖ్యంగా నాలుగు.

అ) ఈస్ట్ సోకడం: మలసేజియా అనే ఈస్ట్ పెరిగినప్పుడు గుబిలి గోధుమరంగులో, జిడ్డుగా, వాసనతో ఉంటుంది.

ఆ) బ్యాక్టీరియా సోకడం: పసుపుపచ్చని చీము, దుర్వాసన, చెవి తాకనివ్వనంత నొప్పి ఉంటాయి. చెవినల్లి రేపిన చర్మం మీద ఈస్ట్, బ్యాక్టీరియా కూడా చేరవచ్చు కాబట్టి ఇవి రెండూ విడిగానో, నల్లితో కలిసో ఉండవచ్చు.

ఇ) మధ్యచెవి నుంచి పెరిగే కండ: చిన్నవయసు పిల్లుల్లో కనిపిస్తుంది. తరచు ఒక చెవికే పరిమితమవుతుంది. తల ఒకవైపు వాలడం, తూలడం జరగవచ్చు.

ఈ) పిల్లిగజ్జి: నోటోఎడ్రెస్ కాటి అనే మరో నల్లి వల్ల వస్తుంది. ఇది చర్మంలోకి తొలుస్తుంది. చెవి లోపల కాక చెవిదొప్ప అంచుల మీద మొదలై, ముఖం మీదికి, మెడ మీదికి దట్టమైన పొలుసుగా వ్యాపిస్తుంది.

ఒకే చెవిలో సమస్య ఉన్నా, చీము కనిపించినా, తల వాలిపోయినా దానిని చెవినల్లిగా భావించి ఇంటివైద్యం చేయడం ప్రమాదకరం.

4. చికిత్సాక్రమం:

చెవినల్లికి చికిత్స కష్టమైనది కాదు. అయితే నాలుగు అంచెలూ పూర్తికావాలి.

మొదటిది చెవి శుభ్రపరచడం. పేరుకున్న గుబిలి నల్లులకు ఆహారమూ, ఆశ్రయమూ. చెవిలో వేసే మందు చర్మానికి తగలకుండా అడ్డుపడేదీ అదే. కర్ణభేరి బాగుందని తేలిన తరువాత వైద్యుడు సూచించిన చెవిద్రావణాన్ని గోరువెచ్చగా చెవిలో పోసి, చెవిమూలను వేళ్లతో మెల్లగా మర్దించి, కూనను తల విదిలించనిచ్చి, పైకి వచ్చినదాన్ని దూదితో తుడవాలి. పిల్లి చెవిగొట్టం మొదట కిందికి దిగి, తరువాత లోపలికి మలుపు తిరుగుతుంది. దూదిపుల్లను లోపలికి పెడితే గుబిలి ఆ మలుపు దాటి కర్ణభేరి మీదికి నెట్టబడుతుంది.

రెండవది నల్లిని చంపే మందు. నేడు ఎక్కువగా వాడుతున్నవి మెడ వెనుక చర్మం మీద వేసే చుక్కమందులు. సెలమెక్టిన్ అందులో ఒకటి. ఇమిడాక్లోప్రిడ్, మాక్సిడెక్టిన్ కలిసిన మందు మరొకటి. చర్మం ద్వారా శరీరంలోకి చేరి పనిచేస్తాయి కాబట్టి తోకమీద, మెడమీద తిరిగే నల్లులను కూడా ఇవి చంపగలవు. పిల్లి ముడుచుకుని పడుకున్నప్పుడు తోకకొస చెవి దగ్గరికి వస్తుంది. చెవిలోంచి నల్లులు అక్కడికి చేరతాయి. చెవిలో మాత్రమే వేసే మందుకు ఇవి అందవు. చుక్కమందులకు వయసు, బరువు పరిమితులున్నాయి. అమెరికాలో అనుమతించిన లేబుల్ ప్రకారం సెలమెక్టిన్ 8 వారాలు దాటిన కూనలకు, ఇమిడాక్లోప్రిడ్–మాక్సిడెక్టిన్ మిశ్రమం 9 వారాలు దాటి సుమారు 900 గ్రాముల బరువున్న కూనలకు. అంతకంటే చిన్న కూనకు ఏది, ఎంత వాడాలన్నది వైద్యుడు మాత్రమే నిర్ణయించాలి.

సెలమెక్టిన్, మాక్సిడెక్టిన్, ఐవర్‌మెక్టిన్ ఒకే కుటుంబానికి చెందిన మందులు. జపాన్ నేలలో దొరికిన స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియా నుంచి ఐవర్‌మెక్టిన్‌కు మూలమైన పదార్థం లభించింది. ఆ కృషికి సతోషి ఒమురా, విలియం క్యాంప్‌బెల్‌లకు 2015లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ఈ మందులు నల్లి నాడీకండరవ్యవస్థను స్తంభింపజేస్తాయి. క్షీరదాల మెదడును ఒక రక్షణపొర కాపాడుతుంది గనుక తగిన మోతాదులో వాటికి హాని ఉండదు. మోతాదు మితిమీరితే ఆ రక్షణ చాలదు.

మూడవది ఇంట్లోని జంతువులన్నింటికీ ఒకేసారి చికిత్స చేయడం. తల్లిపిల్లి, తోబుట్టు కూనలు, కుక్క ఉంటే కుక్క, దురద ఉన్నా లేకున్నా అన్నింటికీ వాటివాటి మందు అందాలి. ఒక్కదాన్ని వదిలినా మిగిలినవాటికి తిరిగి సోకుతుంది. నల్లి జంతువు ఒంటిని విడిచి కూడా కొద్దిరోజులు బతకగలదు కాబట్టి పడక గుడ్డలను వేడినీళ్లతో ఉతికి ఎండలో ఆరేయాలి.

నాలుగవది మళ్లీ పరీక్షించడం. సుమారు నెల తరువాత చెవిని తిరిగి చూసి, అవసరమైతే రెండవ మోతాదు ఇస్తారు. చెవిలో మాత్రమే వేసే మందు వాడుతున్నట్లయితే, బాధ తగ్గినా సూచించిన రోజుల వరకు ఆపకూడదు. 21 రోజుల చక్రం పూర్తయ్యే వరకు వైద్యం సాగాలన్నది ఇక్కడి సూత్రం.

కొబ్బరినూనె, నువ్వులనూనె వంటివి చెవిలో వేయడం ఇళ్లలో ఉన్న అలవాటు. నూనె గుబిలిని మెత్తబరుస్తుంది, కొన్ని నల్లులకు ఊపిరాడకుండా చేస్తుంది. ఆ మేరకు అది నిష్ప్రయోజనం కాదు. కాని గుడ్లు, చెవి వెలుపల తిరిగే నల్లులు మిగిలిపోతాయి. కర్ణభేరి చిల్లుపడి ఉంటే నూనె మధ్యచెవిలోకి దిగుతుంది. వెల్లుల్లి కాచిన నూనె మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వాడకూడదు. పిల్లి ఒళ్లు నాక్కునే జంతువు. వెల్లుల్లి కడుపులోకి వెళితే ఎర్రరక్తకణాలు దెబ్బతింటాయి.

5. పేరు వెంట వచ్చే మందు:

పైన చెప్పిన చికిత్స సులభం. అయినా కూనలు చనిపోతున్న సందర్భాలకు ఒక కారణం పొరపాటు మందు. ఆ పొరపాటులో పేరు పాత్ర ఎంతో వాడుకలోని మాటలను ఒక్కొక్కటిగా తీసుకుంటే స్పష్టమవుతుంది.

5.1 పురుగు:

తెలుగులో ‘పురుగు’ అతివిస్తృతార్థం గల పదం. గొంగళి నుంచి పెంకుపురుగు వరకు అన్నీ పురుగులే. పాము పేరు పలకడానికి జంకి “పురుగు ముట్టింది” అంటారు. పశువు పుండులో ఈగ గుడ్లు పొదిగి లార్వాలు చేరితే “పురుగులు పడ్డాయి” అంటారు. “పిల్లి చెవిలో పురుగులు పడ్డాయి” అనగానే వినేవారికి ఈ చివరి అర్థమే స్ఫురిస్తుంది. పశువుల పుండులో పురుగులు పడితే టర్పెంటైన్ నూనె వాడటం పల్లెల్లో తెలిసిన పద్ధతి. అదే నూనె పిల్లికూన చెవిలో పడితే చర్మం కాలుతుంది, నాకితే విషమవుతుంది. కిరోసిన్‌దీ ఇదే దారి.

5.2 పేను, గజ్జి:

పేను ఆరుకాళ్ల కీటకం. మొక్కల రసం పీల్చే మరో కీటకాన్ని రైతులు ‘పేనుబంక’ అంటారు. అంటే ఈ పదానికి కూడా గట్టి సరిహద్దు లేదు. గజ్జి మనుషుల చర్మవ్యాధి పేరు. ఈ రెండు మాటలూ ఒకే మందు దగ్గరికి చేరుస్తాయి. పేలకు వాడే 1 శాతం లోషన్‌లోనూ, గజ్జికి వాడే 5 శాతం క్రీములోనూ ఉండేది పెర్మెత్రిన్. మనుషులకు ఇది సురక్షితమైన మందు. కుక్కలకు వేసే కొన్ని చుక్కమందుల్లోనూ ఇది ఉంటుంది. పిల్లికి మాత్రం విషం.

దీనికి కారణం పిల్లి కాలేయంలో ఉంది. శరీరంలోకి వచ్చిన అనేక రసాయనాలను కాలేయం గ్లూకురోనిక్ ఆమ్లంతో జతచేసి బయటికి పంపుతుంది. ఈ పని చేసే ఎంజైముల్లో ముఖ్యమైన ఒకదాని జన్యువు పిల్లిజాతిలో పనిచేయదు. అందువల్ల పెర్మెత్రిన్ ఒంట్లో పేరుకుని నాడులను ఉద్రేకపరుస్తుంది. చెవులు, ముఖం అదరడంతో మొదలై, ఒళ్లంతా వణుకు, మూర్ఛలు, విపరీతమైన జ్వరం వచ్చి మరణం సంభవించవచ్చు. మనుషుల జ్వరానికి వాడే పారాసిటమాల్ పిల్లిని చంపడానికి కూడా ఇదే లోపం ప్రధాన కారణం. చెవినొప్పితో ఉన్న కూనకు పారాసిటమాల్ ముక్క ఇవ్వడం ఆ బాధను తగ్గించే పని కాదు.

5.3 పిడుదు, గోమారు:

ఇవి పశువుల, కుక్కల ఒంటిని పట్టుకుని రక్తం పీల్చే జీవులు. అరాక్నిడా తరగతిలో పిడుదు చెవినల్లికి చుట్టమే. కాని పశువుల పిడుదులకు నీళ్లలో కలిపి పూసే అమిట్రాజ్ వంటి మందులు పిల్లులకు తగినవి కావు.

పశువులకు సూదిమందుగా ఇచ్చే 1 శాతం ఐవర్‌మెక్టిన్ విషయంలో ప్రమాదం లెక్కలోనే ఉంది. అందులో 1 మి.లీ.కు 10 మి.గ్రా. మందు ఉంటుంది. పశువులకు వాడే మోతాదు కిలో బరువుకు 0.2 మి.గ్రా. ఈ లెక్కనే 500 గ్రాముల కూనకు అన్వయిస్తే వచ్చేది 0.1 మి.గ్రా., అంటే 0.01 మి.లీ. 1 మి.లీ. సిరంజి మీద అతిచిన్న గీత అదే. చేయి కొద్దిగా జారి 0.1 మి.లీ. వెళితే మోతాదు పదిరెట్లవుతుంది. కూన తూలుతుంది, చూపు పోతుంది, స్పృహ తప్పుతుంది. ఈ లెక్క మోతాదు సూచన కాదు; పశువుల సీసాను కూన దగ్గరికి తేకూడదనడానికి చూపిన ఆధారం.

పై మూడు సందర్భాల్లోనూ పొరపాటు చేసినవారు నిర్లక్ష్యపరులు కారు. కూన బాధ చూడలేక మందు వెతికినవారే. తెలిసిన మాట నుంచి తెలిసిన మందుకు వెళ్లారు. ఇలాంటిది జరిగినప్పుడు వెంటనే చేయవలసినది ఒంటిమీది మందును గోరువెచ్చని నీళ్లతో, గిన్నెలు కడిగే సబ్బుద్రవంతో కడిగి, కూన చలికి లోనుకాకుండా తుడిచి, మందు సీసా లేదా పెట్టెతో సహా వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లడం. వణుకు, మూర్ఛ మొదలైతే కడగడం కోసం కూడా ఆగకూడదు.

6. మనుషులకు సోకుతుందా?

ఇంట్లో పసిపిల్లలున్నవారు ముందుగా అడిగే ప్రశ్న ఇది. చెవినల్లి మనిషి ఒంటిమీద స్థిరపడదు. పిల్లిని ఎత్తుకున్నచోట చేతుల మీద, పొట్ట మీద కొద్దిరోజులు దురదపొక్కులు రావచ్చు. పిల్లికి చికిత్స జరిగితే అవి తగ్గిపోతాయి.

ఈ విషయంలో ఒక విచిత్రమైన ప్రయోగం వైద్యసాహిత్యంలో నమోదైంది. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని వెస్ట్‌పోర్ట్‌కు చెందిన పశువైద్యుడు రాబర్ట్ ఎ. లోపెజ్ పిల్లి చెవిలోని నల్లులను తన చెవిలోనే వేసుకుని, ఆ అనుభవాన్ని 1993లో అమెరికన్ పశువైద్యసంఘం పత్రికలో ప్రచురించారు. చెవిలో గీరుతున్న చప్పుళ్లు, తీవ్రమైన దురద, రాత్రిపూట వాటి కదలిక ఎక్కువ కావడం ఆయన గమనించారు. ప్రయోగాన్ని ఆయన మూడుసార్లు చేశారు. తరువాతి సార్లు బాధ మొదటిసారి అంత తీవ్రంగా లేదు. 1994లో ఆయనకు హాస్యస్ఫోరకమైన ఇగ్ నోబెల్ బహుమతి లభించింది.

ఈ ప్రయోగాన్ని వింతగా చూసి వదిలేయనవసరం లేదు. మాటలు రాని కూన రాత్రంతా ఎందుకు నిద్రపోదో, ఎందుకు అదేపనిగా తల విదిలిస్తుందో ఒక మనిషి నోటితో తెలిసింది. ఇంకొక విశేషం ఉంది. ఆ బహుమతిని ఇచ్చిన విభాగం పేరు కీటకశాస్త్రం. చెవినల్లి కీటకం కాదు. పేర్ల గందరగోళం తెలుగుకే పరిమితం కాదని దీనివల్ల గ్రహించవచ్చు.

7. ‘చెవినల్లి’ అనే పేరు:

‘ఇయర్ మైట్’కు తెలుగుపదం ఎంపికలో మూడు మార్గాలున్నాయి. ఇంగ్లీషు మాటను అలాగే తెలుగులిపిలో రాయడం ఒకటి. వైద్యశాలలో అది చెల్లుతుంది గాని, ఇంగ్లీషు తెలియని గృహిణికి ఆ జీవి ఎలాంటిదో ఆ మాట చెప్పదు. సంస్కృతసమాసాన్ని కొత్తగా కల్పించడం రెండవది. అది పాఠ్యపుస్తకం దాటి మందుల దుకాణం వరకు వెళ్లదు.

మూడవది వాడుకలో ఉన్న మాటను విస్తరించడం. ‘నల్లి’ మొదట మంచంలో చేరి రక్తం పీల్చే కీటకానికి పేరు. వ్యవసాయరంగంలో ఆ పదం అర్థవ్యాకోచం పొందింది. మొక్కలను పట్టే మైట్‌లను రైతులు, వ్యవసాయాధికారులు ఎర్రనల్లి, తెల్లనల్లి, వరిలో కంకినల్లి, నిమ్మజాతుల్లో మంగునల్లి అంటున్నారు. ఈ పేర్లు పత్రికల్లో, రేడియోలో, రైతుల నోళ్లలో స్థిరపడ్డాయి. చెవినల్లి కూడా అదే వర్గపు జీవి. కాబట్టి ఈ పేరు శాస్త్రానికీ, వాడుకకూ సమ్మతమైనది. సమాసంలోని ‘చెవి’ ఆ జీవి ఉనికిని కూడా చెబుతుంది.

ఈ పేరుకూ ఒక ఆక్షేపణ ఉంది. నల్లి అనగానే పొలంలో చల్లే నల్లిమందు గుర్తురావచ్చు. ఒక ప్రమాదం నుంచి తప్పించబోయి మరొకదానిలో పడవేసినట్లవుతుందన్న శంక సమంజసమే. అయితే పేను, గజ్జి అనే మాటలకు మందు ఇంటి అలమరలోనే ఉంటుంది. పొలంమందును పెంపుడుజంతువు చెవిలో వేయాలన్న ఊహ అంత సులభంగా రాదు. అయినప్పటికీ ఈ పదాన్ని ప్రచారంలోకి తెచ్చే ప్రతి రచనలోనూ “పొలంమందు, పశువులమందు, మనుషులమందు పిల్లికి వాడరాదు” అనే హెచ్చరిక జతపడి ఉండాలి.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల ఈ కింది అంశాలు తేలుతున్నాయి.

1. నల్లని గుబిలి చెవినల్లికి సూచన మాత్రమే. సూక్ష్మదర్శినిలో జీవి గాని, గుడ్డు గాని కనిపించడమే రుజువు.

2. చికిత్సకు ఆధారం 21 రోజుల జీవితచక్రం. బాధ తగ్గడం వేరు, నల్లి పోవడం వేరు.

3. ఇంట్లోని జంతువులన్నింటికీ ఒకేసారి చికిత్స జరగకపోతే కూనకు చేసిన చికిత్స నిలవదు.

4. పెర్మెత్రిన్, పారాసిటమాల్, టర్పెంటైన్, పశువుల ఐవర్‌మెక్టిన్ పిల్లికూనకు వ్యాధికంటే పెద్ద ప్రమాదాలు.

5. ఈ ప్రమాదాలకు దారితీసే కారణాల్లో సరైన తెలుగు పేరు లేకపోవడం ఒకటి. ‘చెవినల్లి’ ఆ లోటును తీర్చగల పదం.

పారిభాషికపదాల చర్చ సాధారణంగా పాఠ్యపుస్తకాల అవసరం చుట్టూ, అనువాదాల అవసరం చుట్టూ సాగుతుంది. మందుల దుకాణంలో నిలబడిన మనిషి అవసరం ఆ చర్చలోకి అంతగా రాలేదు. పశువైద్యులు, భాషాధ్యాపకులు కలిసి పెంపుడుజంతువుల వ్యాధులకు వాడుకలోని మాటలతో ఒక చిన్న పదకోశాన్ని సిద్ధంచేస్తే అది ఇళ్లలో నేరుగా ఉపయోగపడుతుంది. అరచేతిలో ఇమిడే ఒక ప్రాణికి ఏ మందు అందుతుందో దాని జబ్బును ఇంట్లోవాళ్లు ఏ పేరుతో పిలిచారన్న దాని మీద ఆధారపడి ఉన్నంతకాలం, ఆ పేరును సరిచేయడం కూడా వైద్యంలో భాగమే.